ముందు చక్రం మోత బేరింగ్‌దా, యాక్సిల్‌దా?

ప్రశ్న: మాది చింతపల్లి దగ్గర పల్లె. కాఫీ, మిరియాల తోట ఉంది. 2018 మోడల్ ఇసుజు వీ-క్రాస్ ఫోర్ బై ఫోర్ వాడుతున్నాను. 95 వేల కిలోమీటర్లు దాటింది. ఈ వానాకాలమంతా గెడ్డల్లోంచే, అంటే కొండవాగుల్లోంచే తిరిగింది. ఇప్పుడు నర్సీపట్నం దిగి చదును రోడ్డెక్కాక స్పీడు 50 దాటితే ముందు నుంచి హోరు మొదలవుతోంది, స్పీడుతో పాటు పెరుగుతోంది. కుడి చక్రం లోపలి వైపు గ్రీజు మరకలు ఉన్నాయి. కాఫీ ఆరబెట్టే సిమెంటు కళ్లంలో ఫోర్ హైలో (నాలుగు చక్రాలూ లాగేలా పెట్టి) బండి తిప్పుతుంటే ముందు భాగం తన్నుతున్నట్టు కుదుపులిస్తోంది. ఏబీఎస్ లైటు రెండు మూడుసార్లు వెలిగి ఆరిపోయింది. ఒక మెకానిక్ బేరింగ్ పోయిందన్నారు. ఇంకొకాయన యాక్సిల్ పోయింది, రెండువైపులా బేరింగులు, యాక్సిళ్లు అన్నీ ఒకేసారి మార్చేద్దాం అంటున్నారు. టైర్లు ఏడాదిన్నర కిందట ఆల్ టెరైన్‌వి వేయించాను. పిల్లల్ని ఎక్కించుకుని ఘాట్ దిగాలంటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: రెండు బేరింగులకీ రెండు యాక్సిళ్లకీ ఇప్పుడే అడ్వాన్స్ ఇవ్వకండి. మీరు రాసిన నాలుగు లక్షణాలూ ఒకే జబ్బువి కావు. కళ్లంలో కుదుపు అసలు జబ్బే కాదు. గ్రీజు మరక యాక్సిల్ బూటుది, అంటే దాని జాయింటు మీది రబ్బరు తొడుగుది అయ్యే అవకాశం ఎక్కువ. హోరు, ఏబీఎస్ లైటు బేరింగ్ వైపు చూపిస్తున్నాయి, కానీ టైరు కూడా అచ్చం బేరింగ్‌లాగే మోత పెడుతుంది కాబట్టి అదీ తేలాలి. వీటిలో చాలావరకు మీ ఇంటి దగ్గరే తేల్చుకోవచ్చు. కావలసింది జాకీ, రెండు జాక్ స్టాండ్లు, ఒక సాయం మనిషి.

అన్నిటికంటే ముందు ఘాట్ సంగతి. బేరింగ్ మోత పెట్టడం వేరు, చక్రంలో ప్లే, అంటే ఊపితే కదిలే లూజు రావడం వేరు. మోత మాత్రమే ఉంటే బండిని నెమ్మదిగా షెడ్డు దాకా తీసుకెళ్లవచ్చు. ప్లే వచ్చిందంటే మాత్రం బండి కదపకూడదు, ముఖ్యంగా లంబసింగి మలుపుల్లో. కాబట్టి మొదటి పరీక్ష ఇదే పెట్టుకోండి, పిల్లల్ని ఎక్కించుకునే ముందే.

కళ్లం లాంటి గట్టి నేల మీద బండి ఆపండి. టూ హైలో (వెనక చక్రాలు మాత్రమే లాగేలా) పెట్టి, గేరు వేసి, హ్యాండ్ బ్రేక్ లాగి, వెనక చక్రాలకి ముందూ వెనకా రాళ్లు పెట్టండి. ముందు చక్రాన్ని లేపేటప్పుడు జాకీని చాసిస్ కింద కాకుండా, స్ప్రింగు కూర్చున్న కింది ఆర్మ్ కింద, బాల్ జాయింటుకి (ఆర్మ్‌ని చక్రం వైపు కలిపే గుండు కీలుకి) దగ్గరగా పెట్టండి. అలా పెడితే బాల్ జాయింటు మీద బరువు తగ్గి, అందులో ప్లే ఉంటే బయటపడుతుంది. చాసిస్ కింద లేపితే స్ప్రింగు తోపుడికి ఆ ప్లే దాక్కుంటుంది. స్టాండు కూడా పెట్టాకే చెయ్యి వేయండి. ఒక్క జాకీని నమ్మి బండి కిందకి వెళ్లడం ఎవరికీ మంచిది కాదు, ఎన్నేళ్ల అనుభవం ఉన్నా సరే.

ఇప్పుడు ఒక చెయ్యి టైరు పైన, ఒక చెయ్యి కింద పెట్టి, పైన లోపలికి తోస్తూ కింద బయటికి లాగండి, మళ్లీ తిరగేసి చేయండి. చేతికి టక్ మని తగిలితే ప్లే ఉన్నట్టే. వెంటనే సాయం మనిషిని బ్రేక్ గట్టిగా తొక్కి పట్టుకోమని మళ్లీ ఊపండి. బ్రేక్ తొక్కగానే ప్లే పోతే అది బేరింగ్‌ది. బ్రేక్ తొక్కినా అలాగే ఉంటే బాల్ జాయింటుదో ఆర్మ్ బుష్‌లదో. తర్వాత చేతులు ఎడమా కుడీ పెట్టి ఊపండి. పైనా కిందా గట్టిగా ఉండి, ఈ పక్కల్లో మాత్రమే ప్లే తగిలితే అది స్టీరింగ్ తాలూకు టై రాడ్ ఎండ్. ఈ బ్రేక్ తొక్కే పని చేయకుండానే బేరింగ్ మీద నేరం వేయడం షెడ్లలో తరచుగా జరుగుతుంది. కొత్త బేరింగ్ వేశాక కూడా ప్లే అలాగే ఉండిపోయేది ఇందుకే. రెండువైపులా చేసి పోల్చండి. కుడి, ఎడమ చక్రాల మధ్య తేడాయే మీకు అన్నిటికంటే నమ్మకమైన కొలత.

ప్లే ఉంటే అక్కడితో ఆపండి. మెకానిక్‌ని ఇంటికి పిలిపించండి, లేదా బండిని టోయింగ్ మీద పంపండి. ప్లే లేకపోతే మిగతావి తీరిగ్గా చూడవచ్చు.

కళ్లంలో కుదుపుల గురించి ఒక్క పేరాలో ముగిస్తాను. మీ బండిది పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్. ఫోర్ హైలో పెట్టగానే ముందు, వెనక ప్రొపెల్లర్ షాఫ్టులు రెండూ ట్రాన్స్‌ఫర్ కేసులో (ఇంజిన్ బలాన్ని ముందుకీ వెనక్కీ పంచే పెట్టెలో) ఒకదానికొకటి లాక్ అయిపోతాయి. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరగాలి. బురదలో అయితే టైరు కొంచెం జారి ఆ తేడా సర్దుకుంటుంది. ఎండిన సిమెంటు మీద టైరు జారదు, షాఫ్టులు మెలిపడతాయి, ఆ మెలి ఒక్కసారిగా విడిపోయినప్పుడల్లా బండి తన్నుతుంది. కొత్త బండి అయినా అంతే. అందుకని యాక్సిల్ మార్చడం దండగ. కానీ ఆ కుదుపు యాక్సిల్ జాయింట్లకీ, ట్రాన్స్‌ఫర్ కేసుకీ నిజంగానే హాని చేస్తుంది కాబట్టి కళ్లంలోకి వచ్చే ముందే టూ హైకి మార్చేయండి. ఎప్పుడైనా టూ హైలోకి రాకుండా మొండికేస్తే నాలుగు మీటర్లు రివర్సులో నడపండి, మెలి విడిపోయి గేరు వదులుతుంది.

ఇక అసలు సంగతి, హోరు.

టైరుతో మొదలుపెట్టండి. ఆల్ టెరైన్ టైర్లకి కొంత మోత పుట్టుకతోనే ఉంటుంది. ఏడాదిన్నరగా వాటిని ముందువి వెనక్కీ వెనకవి ముందుకీ మార్చారని మీరు రాయలేదు. మార్చకపోతే, అలైన్‌మెంట్ కూడా కొంచెం పక్కకి పోయి ఉంటే, గట్ల అంచులు రంపం పళ్లలా అరుగుతాయి. అరచేతిని టైరు మీద ముందు నుంచి వెనక్కి నిమరండి, తర్వాత వెనక నుంచి ముందుకి నిమరండి. ఒక వైపు నున్నగా, రెండో వైపు గుచ్చుకుంటున్నట్టు ఉంటే ఆ టైరు మోత పెట్టడం ఖాయం. అక్కడక్కడా గుంటలు పడినట్టు అరిగినా అంతే. అలా గుంటలు కనిపిస్తే షాక్ అబ్సార్బర్లు కూడా చూడమనండి.

రోడ్డు మీద ఇంకో తేడా కనిపెట్టవచ్చు. టైరు మోత రోడ్డును బట్టి మారుతుంది. కొత్తగా వేసిన నున్నటి తారు మీద తగ్గి, గరుకు రోడ్డు మీదా సిమెంటు రోడ్డు మీదా పెరుగుతుంది. బేరింగ్ మోతకి రోడ్డుతో పనిలేదు, స్పీడు ఎంతో మోత అంత. ఇంకా అనుమానం ఉంటే ముందు చక్రాలు రెండింటినీ అదే పక్క వెనక చక్రాలతో మార్చి, అదే రోడ్డు మీద అదే స్పీడులో వెళ్లి రండి. మోత వెనక్కి పోతే టైరుదే. ఎక్కడున్నది అక్కడే ఉంటే టైరు నిర్దోషి. దీనికి ఖర్చు లేదు, గంటలోపు పని. చక్రాలు విప్పి బిగించాక కొన్ని కిలోమీటర్లు తిరిగి నట్లు మరోసారి బిగించడం మాత్రం మరవకండి.

టైరు కాదని తేలాక బండిని నర్సీపట్నం దాటి ఖాళీగా ఉన్న చదును రోడ్డు మీదికి తీసుకెళ్లండి. స్పీడు 60 దగ్గర ఉంచి, క్లచ్ తొక్కి న్యూట్రల్ చేసి బండిని దానంతటదే పోనివ్వండి. ఘాట్‌లో కాదు, చదును మీదే. ఇంజిన్ శబ్దం పడిపోయినా హోరు అలాగే ఉంటే అది చక్రంతో పాటు తిరిగే వస్తువుదే. అలా కాకుండా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒక రకంగా, వదిలినప్పుడు ఇంకో రకంగా వినిపిస్తే చూపు వెనక డిఫరెన్షియల్ (రెండు చక్రాలకీ బలం పంచే గేర్ల పెట్టె) వైపు తిప్పండి. టూ హైలో బండిని లాగేది వెనక డిఫరెన్షియలే, ముందుదానికి అప్పుడు బరువు లేదు. చాసిస్ గొట్టంలోంచి శబ్దం ప్రయాణించి ముందు నుంచి వస్తున్నట్టే వినిపించడం మామూలే. రెండు ముక్కల ప్రొపెల్లర్ ఉన్న బళ్లలో మధ్యనున్న సెంటర్ బేరింగ్ కూడా ఇలాగే మోసం చేస్తుంది.

తర్వాత అదే స్పీడులో, ముందూ వెనకా ఎవరూ లేనప్పుడు, స్టీరింగ్‌ని మెల్లగా ఎడమకి, మెల్లగా కుడికి తిప్పుతూ లేన్ మారినట్టు నడపండి. ఎడమకి తిప్పితే బండి బరువు కుడి చక్రం మీద పడుతుంది. అప్పుడు హోరు పెరిగి, కుడికి తిప్పినప్పుడు తగ్గితే కుడి బేరింగ్ మీద అనుమానపడాలి. తిరగేసి అయితే ఎడమది. ఈ పరీక్ష చాలాసార్లు సరిగ్గానే చెబుతుంది, కానీ దీని ఒక్కదాని మీదే ఆధారపడి సామాను కొనకండి. ఇప్పటి హబ్ (చక్రం బిగించే మధ్య కుదురు) బేరింగుల్లో రెండు వరసలు ఉంటాయి. లోపలి వరస పోయిందా బయటి వరస పోయిందా అన్నదాన్ని బట్టి కొన్నిసార్లు ఉల్టాగా వినిపిస్తుంది.

కాబట్టి చివరి మాట చేతితో తేల్చాలి. బండిని మళ్లీ స్టాండు మీద లేపండి. సాయం మనిషిని చక్రం చేత్తో గట్టిగా తిప్పమని, మీరు వేళ్లు చక్రానికి, బ్రేకు డిస్కుకి దూరంగా ఉంచి కాయిల్ స్ప్రింగ్ మీద అరచెయ్యి ఆనించండి. చక్రం దగ్గర పుట్టే సన్నటి వణుకు కూడా ఆ స్ప్రింగులోకి పాకుతుంది. మంచి బేరింగ్ అయితే చేతికి ఏమీ తెలియదు. పాడైన బేరింగ్ అయితే లోపల ఇసుక నలుగుతున్నట్టు గరగర తగులుతుంది. చెవికి వినిపించకముందే చేతికి తెలిసిపోతుంది. బ్రేక్ ప్యాడ్ డిస్కుకి రాసుకుంటూ స్స్స్ మని చేసే చప్పుడుతో దీన్ని కలపకండి. అది ప్రతి చుట్టులో ఒకచోట వచ్చి పోతుంది, గరగర చుట్టంతా ఉంటుంది. అనుమానం తీరకపోతే క్యాలిపర్ విప్పి, దాని గొట్టం మీద బరువు పడకుండా తీగతో పైన కట్టి, మళ్లీ తిప్పి చూడండి. ఇలా రెండు చక్రాలూ పోల్చాక కూడా తేడా తెలియలేదంటే బేరింగ్ మార్చే అవసరం ఇంకా రాలేదనే నా అభిప్రాయం.

వేడి కూడా ఒక ఆధారమే. ఇరవై కిలోమీటర్లు పోయాక, బ్రేక్ పెద్దగా వాడకుండా నెమ్మదించి ఆపి, రెండు హబ్బుల దగ్గరా చెయ్యి దగ్గరగా పెట్టి పోల్చండి. ముట్టుకోకండి, కాలుతుంది. ఒకటి బాగా వేడిగా ఉంటే బేరింగ్ కావచ్చు, క్యాలిపర్ పిన్నులు పట్టేసి బ్రేక్ వదలకపోయినా కావచ్చు. చక్రం లేపి తిప్పినప్పుడు బరువుగా తిరిగితే బ్రేక్, తేలిగ్గా తిరుగుతూ గరగరమంటే బేరింగ్. వానాకాలమంతా బురదలో తిరిగిన బండికి క్యాలిపర్ పిన్నులు పట్టేయడం చాలా మామూలు.

ఇప్పుడు గ్రీజు మరక. దీన్ని తేలిగ్గా తీసుకోకండి, ఎందుకంటే నెల రోజులు ఆలస్యం చేస్తే చిన్న ఖర్చు పెద్ద ఖర్చు అయ్యేది ఇక్కడే.

పాత జీపుల్లో, జిప్సీల్లో ముందు చక్రం మధ్యలో చేత్తో తిప్పే ఫ్రీ వీల్ హబ్బులు వచ్చేవి. వాటిని ఫ్రీలో పెడితే చక్రం తిరిగినా యాక్సిల్ తిరిగేది కాదు. మీ బండిలో ఆ ఏర్పాటు లేదు. చక్రానికీ యాక్సిల్‌కీ ఎప్పుడూ కనెక్షన్ ఉంటుంది, విడదీసేది డిఫరెన్షియల్ పక్కన. అంటే టూ హైలో పోతున్నా ముందు యాక్సిళ్లు తిరుగుతూనే ఉంటాయి, కాకపోతే బరువు లాగవు. ఫోర్ వీల్ వాడేదే తక్కువ కదా యాక్సిల్ ఎందుకు పోతుంది అనుకుంటారు చాలామంది. బూటు చిరిగితే ఫోర్ వీల్ వేయకపోయినా పోతుంది, ఎందుకంటే గ్రీజు బయటికి విసిరేసి, గెడ్డ నీళ్లు, ఇసుక లోపలికి తీసుకుంటూ రోజూ తిరుగుతూనే ఉంటుంది.

స్టీరింగ్‌ని ఒక చివరికంటా తిప్పి ఉంచి, టార్చి వేసి కుడి చక్రం వెనక చూడండి. యాక్సిల్‌కి రెండు చివర్లా ముడతలు ముడతలుగా రబ్బరు బూట్లు ఉంటాయి. ముడతల లోపలి మడతల్ని వేళ్లతో విడదీసి చూడాలి, చిరుగు ఎప్పుడూ అక్కడే దాక్కుంటుంది. బూటు ఎదురుగా ఉన్న ఆర్మ్ మీదా, రిమ్ము లోపలా గ్రీజు ఒక చారలా చిమ్మి ఉంటే అది యాక్సిల్ తిరుగుతూ విసిరిన గ్రీజే. చిక్కగా నల్లగా ఉంటే సీవీ జాయింటు (యాక్సిల్ చివర బూటు లోపలుండే కీలు) గ్రీజు. పల్చటి నూనె అయితే షాక్ అబ్సార్బర్ లీకు కావచ్చు. డిఫరెన్షియల్ చివర తడిగా ఉండి ఘాటైన గంధకం వాసన వస్తే అది గేర్ ఆయిల్, అక్కడి ఆయిల్ సీల్ పోయింది. జారుడుగా, రంగు లేకుండా, పెయింటుని ఊడగొడుతూ ఉంటే బ్రేక్ ఆయిల్. అది కనిపిస్తే ఇంకేమీ ఆలోచించకుండా బండి ఆపేయండి.

బూటు చిరిగింది సరే, జాయింటు బాగుందా పోయిందా? దానికి మీ తోట దారే సరైన చోటు. మెత్తటి మట్టి మీద, ఫోర్ హైలో, స్టీరింగ్ చివరికంటా తిప్పి, నడక వేగంతో ముందుకి గుండ్రంగా తిప్పండి, తర్వాత రెండో వైపుకి. కిటికీలు దించుకోండి, పక్కన గోడ ఉంటే ఇంకా మంచిది, శబ్దం తిరిగొచ్చి స్పష్టంగా వినిపిస్తుంది. టక్ టక్ టక్ మని చక్రం వేగానికి తగ్గట్టు వస్తే బయటి జాయింటు అరిగింది. ఇదే పరీక్ష టూ హైలో చేస్తే జాయింటు మీద బరువు ఉండదు కాబట్టి కొన్నిసార్లు అసలు వినిపించదు, బాగుందనుకుని పొరబడతాం. లోపలి జాయింటు, అంటే డిఫరెన్షియల్ పక్కది, అరిగితే టక్ టక్ ఉండదు. ఫోర్ హైలో ఎక్కుడులో యాక్సిలరేటర్ తొక్కినప్పుడు బండి ముందు భాగం అదురుతుంది, వదలగానే ఆగిపోతుంది.

చేత్తో కూడా చూడవచ్చు. చక్రం లేపి యాక్సిల్ రాడ్డుని పట్టుకుని పైకీ కిందికీ ఊపండి, మెలిపెట్టినట్టు తిప్పండి. తిప్పినప్పుడు కొంచెం ఆట ఉండటం మామూలే, అది డిఫరెన్షియల్ పళ్ల మధ్య ఉండే సందు. పైకీ కిందికీ టక్కుమని లూజు ఉంటే మాత్రం జాయింటు అరిగినట్టు. ఇక గేరు వేయగానే, క్లచ్ వదలగానే కింద టంగుమంటే అది ముందు యాక్సిల్ కాదు, చాలావరకు ప్రొపెల్లర్ షాఫ్టు చివర ఉండే క్రాస్ జాయింటు. దానికి గ్రీజు నిప్పుల్ ఉంటే గ్రీజు కొట్టించి చూడండి, తగ్గకపోతే క్రాస్ మార్పించండి.

చిరుగు కొత్తది, టక్ టక్ లేదు అంటే యాక్సిల్ మొత్తం కొననవసరం లేదు. బూటు కిట్ చాలు. అందులో బూటు, క్లిప్పులు, గ్రీజు వస్తాయి. జాయింటు విప్పి, శుభ్రంగా కడిగి, గోళీలూ అవి దొర్లే గాళ్లూ వేలితో తడిమి చూడమనండి. నున్నగా ఉంటే కొత్త గ్రీజు పెట్టి మూసేయవచ్చు. తుప్పు గుంటలు గానీ, గోరుకి తగిలే మెట్టు గానీ ఉంటే జాయింటు మార్చాల్సిందే. ఆ కడిగిన జాయింటుని మీరు కళ్లారా చూశాకే మార్చాలా వద్దా అన్నది ఒప్పుకోండి. షెడ్డు ఎంత తెలిసినదైనా ఇది అడగడంలో మొహమాటం వద్దు, డబ్బు మీది.

ఏబీఎస్ లైటు మీ కేసులో మంచి సాక్షి. ప్రతి చక్రం దగ్గరా స్పీడు సెన్సర్ ఉంటుంది. బేరింగ్ లూజై హబ్ కొద్దిగా ఊగినా సెన్సర్‌కీ రింగుకీ మధ్య సందు మారి లైటు వెలుగుతుంది. వైరు తెగినా, బురద పేరుకున్నా, రాయి తగిలినా కూడా వెలుగుతుంది. ఊహించడం ఎందుకు, స్కానర్ పెట్టిస్తే ఏ చక్రం అన్నది అదే చెబుతుంది. లైటు ఇప్పుడు ఆరిపోయినా కోడ్ మెమరీలో ఉండే అవకాశం ఉంది, కాబట్టి బ్యాటరీ వైరు విప్పకముందే స్కాన్ చేయించండి. కోడ్ కుడి చక్రం చూపించి, స్టీరింగ్ పరీక్ష కుడి అని చెప్పి, స్ప్రింగు మీద చేతికి కుడివైపే గరగర తగిలితే ఇక సందేహం లేదు. మూడింటిలో రెండు ఒకటి చెప్పి మూడోది ఇంకోటి చెబితే చేతి మాటే నమ్మండి, కోడ్ చూపిన చక్రం దగ్గర ముందు వైరుని పరీక్షించండి.

బేరింగే అని తేలితే ఏం చేయాలో కూడా రాస్తాను, ఎందుకంటే కొత్త బేరింగ్ కొన్ని నెలలకే మళ్లీ మోత పెట్టడానికి కారణం ఎక్కువసార్లు బిగింపులోనే ఉంటుంది.

మీ ప్రాంతంలో పాత మహీంద్రా జీపుల మీద పని నేర్చుకున్న మెకానిక్‌లు చాలామంది ఉన్నారు. వాళ్ల చేతి పని మీద నాకు గౌరవం ఉంది. ఆ బళ్లలో ముందు చక్రానికి టేపర్ బేరింగులు రెండు. విప్పి, కడిగి, గ్రీజు పట్టించి, నట్టు బిగించి కొంచెం వెనక్కి వదిలి, లాక్ నట్టు వేస్తే మళ్లీ బాగుండేది. మీ వీ-క్రాస్‌లో ఉన్నది సీలు చేసిన హబ్ బేరింగ్. అందులో గ్రీజు నింపడానికీ, టైట్ చేయడానికీ ఏమీ లేదు. ప్లే ఉందని హబ్ నట్టుని ఇంకో చుట్టు బిగిస్తే రెండు రోజులు తగ్గినట్టు అనిపించి తర్వాత కాలిపోతుంది. గరగర మొదలైందంటే లోపల గోళీల దారి పొరలు లేచిపోయినట్టే. అది గ్రీజుతో మానదు, మార్చడమొక్కటే దారి.

మార్చేటప్పుడు నాలుగు సంగతులు దగ్గరుండి చూసుకోండి. బేరింగుని ప్రెస్సు మీద ఎక్కించాల్సి వస్తే ఒత్తిడి అది ఇరుక్కునే రింగు మీదే పడాలి. లోపలి రింగు మీద సుత్తి దెబ్బ పడిందా, ఆ దెబ్బ గోళీల దారిలో గుంటలు చేస్తుంది, కొత్త బేరింగ్ బండెక్కకముందే పాతదైపోతుంది. హబ్ నట్టు కొత్తది వేయించండి. దాన్ని ఎయిర్ గన్‌తో చివరిదాకా బిగించనివ్వకండి, వర్క్‌షాపు మాన్యువల్‌లో మీ మోడల్‌కి ఇచ్చిన అంకె ప్రకారం టార్క్ రెంచితో (బిగింపుని కొలిచే రెంచితో) బిగించాలి. నట్టు పూర్తిగా బిగించకముందు బండిని కిందికి దించి చక్రం మీద బరువు వేయకూడదు, అలా వేస్తే బేరింగ్ దెబ్బతింటుంది. ఇంకా, బేరింగ్ కూర్చునే చోటు, ఏబీఎస్ సెన్సర్ చోటు తుప్పు లేకుండా రుద్ది శుభ్రం చేయాలి. టార్క్ రెంచి లేదు, చేతి అందాజ్ చాలు అనే షెడ్డు అయితే ఈ ఒక్క పనికి వేరే చోటు చూసుకోవడమే మంచిది.

రెండువైపులా మార్చాలా అంటే, నా సమాధానం వద్దనే. పోయినదాన్ని మార్చండి. రెండోది స్ప్రింగు పరీక్షలో నున్నగా ఉంటే ఉండనివ్వండి, వచ్చే సర్వీసులో మళ్లీ చెయ్యి పెట్టి చూడండి. బయట దొరికే చవక పెట్టెల్లో నకిలీ బేరింగులు ఎక్కువ. బండి తయారైంది మన శ్రీసిటీలోనే కాబట్టి ముందు కంపెనీ స్పేర్ల కౌంటరులో మీ చాసిస్ నంబరు ఇచ్చి ధర అడగండి, తర్వాతే బయటి ధరతో పోల్చండి.

ఇంతకీ ఎందుకు పోయి ఉంటుంది? నాకైతే గెడ్డల మీదే అనుమానం. ఘాట్ దిగి వచ్చిన బండికి బ్రేకులు, హబ్బులు వేడెక్కి ఉంటాయి. ఆ వేడి మీద చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి ఒక్కసారి ముడుచుకుని, సీలు అంచు దగ్గర నుంచి నీటిని లోపలికి పీల్చుకుంటుంది. గెడ్డ ముందు పది నిమిషాలు బండి ఆపి చల్లారనిస్తే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. కడిగేటప్పుడు ప్రెషర్ పంపుని హబ్ సీలు మీదికీ బూట్ల మీదికీ దగ్గరగా పెట్టనివ్వకండి. ఆల్ టెరైన్ టైర్లతో పాటు వెడల్పు రిమ్ములు గానీ స్పేసర్లు గానీ వేయించి ఉంటే, చక్రం బయటికి జరిగినకొద్దీ బేరింగ్ మీద మెలి పెరుగుతుంది. స్పేసర్లు ఉంటే తీయించేయండి.

హబ్బులోకి నీళ్లు వెళ్లాయంటే ముందు డిఫరెన్షియల్‌లోకి కూడా వెళ్లి ఉండవచ్చు. బండి షెడ్డులో ఉండగానే దాని ఆయిల్ కొంచెం తీసి చూడమనండి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయి. ఆయిల్ మార్పించి, డిఫరెన్షియల్‌కి గాలి ఆడే బ్రీదర్ గొట్టం బురదతో మూసుకుందేమో చూపించండి. డ్రెయిన్ బోల్టు అయస్కాంతానికి బూడిద రంగు ముద్ద అంటుకుని ఉంటే కంగారు లేదు, లోహపు ముక్కలు ఉంటే మాత్రం డిఫరెన్షియల్ విప్పాల్సి వస్తుంది. బండి లేచి ఉన్నప్పుడే ఇంకో పని కూడా చేయండి. రెండు ముందు చక్రాలూ గాలిలో ఉండగా, టూ హైలో, ఒక చక్రం చేత్తో తిప్పండి. ఎదుటి చక్రం వెనక్కి తిరిగినా, ముందు ప్రొపెల్లర్ తిరిగినా డిఫరెన్షియల్ పక్కన ఉండే డిస్‌కనెక్ట్ విడిపోలేదని అర్థం. అప్పుడు టూ హైలో కూడా ముందు భాగమంతా తిరుగుతూ హోరు పెడుతుంది. బేరింగ్ కొనే ముందు ఆ డిస్‌కనెక్ట్‌ని కదిపే ఆక్చుయేటర్‌నీ, దాని వైరునీ చూడాలి.

మీ ఉత్తరాన్ని బట్టి నా అంచనా ఇది: కుడివైపు హబ్ బేరింగ్ ఒకటి, కుడివైపు బూటు కిట్ ఒకటి, ముందు డిఫరెన్షియల్ ఆయిల్. రెండో మెకానిక్ రాసిచ్చిన జాబితాలో సగం కూడా కాదు. పరీక్షలు వేరేగా చెబితే పరీక్షల మాటే వినండి. రెండు పనులూ ఒకేసారి చేయించుకోండి, బేరింగ్ తీయడానికి యాక్సిల్ నట్టు ఎలాగూ విప్పాలి కాబట్టి బూటు పనికి మజూరీ కలిసొస్తుంది. పని అయ్యాక ఒక్కరే నర్సీపట్నం రోడ్డు మీద ముప్పై కిలోమీటర్లు నడిపి, ఆపి, రెండు హబ్బుల వేడి పోల్చి, చక్రం లేపి పైనా కిందా మరోసారి ఊపి చూడండి. అప్పుడు పిల్లల్ని ఎక్కించుకోండి.